వినని కబురు

దేవుడి గదికి బయటినుంచి గొళ్ళెం పడి ఉంది. లోపల దీపం లేదు.

పెరట్లో నూతి చప్టా మీద కూర్చుని లక్ష్మీకుమారి తలారా నీళ్ళు పోసుకుంటోంది. ఎనభై దాటిన మనిషి, వేణ్ణీళ్ళు లేకపోతే కాళ్ళు కూడా కడుక్కోని మనిషి. అలాంటిది మాఘమాసపు పొద్దున్న నూతిలోంచి తోడిన నీళ్ళు చెంబు మీద చెంబు కుమ్మరించుకుంటూంటే, పెద్దకోడలు వసుధ పొడి తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడింది తప్ప, వద్దని ఒక్క మాట అనలేదు. ఆ కబురు అత్తకి చెప్పింది తనే మరి.

శ్యామసుందర్ పట్టుపంచె కట్టుకుని వసారా మెట్టు మీదకి వచ్చాడు. లక్ష్మీకుమారి రెండో కొడుకు. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి చెప్పి రిటైరయ్యాక కూడా ఇంట్లో అచ్చుపుస్తకంలా మాట్లాడతాడు, కోపం వస్తే మరీను. చేతిలో కుంకుమబొట్టు పెట్టిన పుస్తకం ఉంది. 'అలలమీద అమ్మవారు', చారిత్రక నవల, రచన తనే.

"అమ్మా, ఏమిటిది? పుస్తకం గంగమ్మ పాదాల దగ్గర పెట్టాలి, అక్కణ్ణించి గుడికి తీసుకువెళ్ళాలి, సాయంత్రం ఆవిష్కరణ సభలో నేను దీపం వెలిగించాలి. తలుపు తీయించు."

"తియ్యకూడదు రా."

"ఎందుకు తియ్యకూడదు?"

"మైల."

"ఎవరు పోయారు?"

లక్ష్మీకుమారి కోడలి చేతిలోంచి తువ్వాలు అందుకుంది. జుట్టు తుడుచుకోవడం పూర్తి చేసింది.

"మీ పెదనాన్న."

శ్యామసుందర్ వదిన మొహంలోకి చూశాడు. వదిన నూతి గట్టు వైపు చూసింది.

"నాకు పెదనాన్నలెవరూ లేరు. నాన్న ఒక్కడే కొడుకు. పుస్తకంలో రాశాను కూడా."

"అదే రాసినావు" అంది లక్ష్మీకుమారి. "రాసినావు కాబట్టే తలుపు నాను మూసినాను."

పోయినవాడు పొడంపేట కాసులు. వాళ్ళది జాలరి కుటుంబం. అతని కోడలు ఎర్రమ్మ తెల్లారి ఫోన్ చేస్తే, ఎత్తింది వసుధ. ముసలాయన రాత్రి అంబలి తాగి పడుకున్నాడట, మరి లేవలేదట. వందకి దగ్గరపడిన ప్రాణం, ఒకరి చేత చేయించుకోకుండా దాటిపోయింది. వసుధ ఫోన్ పెట్టేసి, అత్త పళ్ళు తోముకుని వచ్చేదాకా ఆగి, చావు కబురు చల్లగా చెప్పినట్టు నెమ్మదిగానే చెప్పింది. లక్ష్మీకుమారి ఏడవలేదు. లేచి వెళ్ళి దేవుడి గదిలో దీపం కొండెక్కించి, గొళ్ళెం పెట్టి, నూతి దగ్గరికి నడిచింది.

బరంపురంలో ఈ ఇంటి కథ అందరికీ నోటికి వచ్చిందే. శ్యామసుందర్ తాత కూర్మారావు గోపాలపూర్ రేవు నుంచి రంగూనుకి సరుకు వేసే రోజుల్లో తుపానులో ఓడ మునిగింది. అందరూ పోయారు, ఆయన ఒక్కడూ బతికి ఇల్లు చేరాడు. చేరేటప్పటికి ఒళ్ళో అరచేతంత నల్లరాతి గంగమ్మ ఉంది. అమ్మవారే ఒడ్డుకు చేర్చిందన్నారు, ఇంట్లో నిలిపి పూజ చేశారు. నాటినుంచి వ్యాపారానికి ఎదురు లేదు. పెళ్ళి చూపులకి వచ్చినవాళ్ళు కూడా ముందు ఆ గదిలోకి వెళ్ళి దణ్ణం పెట్టుకునేవారు.

ఓడ మునగడానికీ ఆయన ఇల్లు చేరడానికీ మధ్య రెండు వేటకాలాలు గడిచిపోయాయి. ఆ మధ్యకాలం ఎక్కడున్నాడయ్యా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం.

ఆయన పొడంపేటలో ఉన్నాడు. కాసమ్మ అనే జాలరి పడుచు నీళ్ళలోంచి జుట్టు పట్టి లాగింది. గంజి పోసింది, జ్వరం తగ్గేదాకా పక్కన కూర్చుంది. తరవాత కాసుల్ని కంది. నల్లరాతి గంగమ్మ ఆమె గుడిసెలోది. బరంపురం నుంచి మనుషులు వచ్చి తీసుకుపోయేనాడు, నీ ఎంబడి ఉంటాది అని ఆమే తీసి ఆయన పైపంచె కొంగున కట్టింది. ఆయన ఇల్లు చేరాడు, కట్టుకున్న భార్యకి ఆ తరవాత కొడుకు పుట్టాడు. ఆ కొడుకే వసుధ మావగారు.

వసుధకి ఇదంతా మావగారు పోయిన పదోనాడు తెలిసింది. వీధిలో కిళ్ళీకొట్టు పక్కన గుండు చేయించుకుని, తడిపంచెతో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు, ఏమీ అడగలేదు. ఎవరత్తా ఆయన అని అడిగితే, "మీ మావకి అన్న" అని ఊరుకుంది లక్ష్మీకుమారి. అప్పటినుంచి ఏడాదికోసారి అత్తాకోడళ్ళు గోపాలపూర్ వెళ్తున్నామని చెప్పి పొడంపేట వెళ్ళొచ్చేవారు. ఈ ఇంట్లో ఎవరు పోయినా కాసులు గుండు చేయించుకున్నాడనీ, మైల తీరేదాకా తెప్ప ఒడ్డునే కట్టేసి వేటకి పోలేదనీ అక్కడే విన్నది.

కిందటేడు ముసలాయన లక్ష్మీకుమారిని ఒకటే అడిగాడు. "మరదలమ్మా, మీ చిన్నోడు పుస్తకాలు రాస్తాడంట గదా. మా యమ్మ పేరు అందల ఒక్కపాలి రాయమను. నాను సదవలేను గానీ, ఉందని తెలిస్తే సాలు."

సరేనంది ఆవిడ. ఆ చలికాలమంతా మధ్యాహ్నాలు కొడుకుని పక్కన కూర్చోపెట్టుకుని, అత్తగారు తనతో చెప్పినదీ, కాసులు నోట విన్నదీ, ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. వసుధ కాఫీలు అందిస్తూ విన్నది. శ్యామసుందర్ కూడా కళ్ళు తుడుచుకుంటూనే విన్నాడు, అది అబద్ధం కాదు.

పుస్తకం అచ్చయి కట్టలు ఇంటికి వచ్చిన రోజు లక్ష్మీకుమారి పసిపిల్లలా సంబరపడింది. కళ్ళు ఆనవు కాబట్టి కోడలు చదివి వినిపించాలి. రోజూ భోజనాలయ్యాక వసుధ మంచం పక్కన కుర్చీ వేసుకుని మొదలుపెట్టేది.

చదువుతున్నకొద్దీ వసుధకి నీరసం వచ్చింది. పుస్తకం దిండంత ఉంది. రేవు మీద తెల్లవారడానికే బోలెడు పేజీలు పట్టాయి. సముద్రంలో మునిగిపోతున్న కూర్మారావు పేజీల తరబడి స్తోత్రం చదివాడు. వసుధకి ఈత రాదు గానీ, నోట్లోకి ఉప్పునీళ్ళు పోతున్నవాడు అంతసేపు సంస్కృతం మాట్లాడలేడని తెలుసు. "ఊఁ, సదువు" అంటూనే ఉంది లక్ష్మీకుమారి. "వొస్తాది, వొస్తాది. ఒడ్డుకి రానీ."

ఒడ్డుకు వచ్చాడు. అలల మధ్య ఒక జాలరి పడుచు నిలబడి ఉంది, మెడలో గవ్వల దండ, మొహం చుట్టూ వెలుగు. అతని చెయ్యి పట్టి తీరానికి చేర్చి, నేను గంగమ్మనని చెప్పి, నల్లరాయిగా మారి అతని దోసిట్లో పడింది. మర్నాటికి కూర్మారావు బరంపురంలో ఉన్నాడు. ఆ అధ్యాయం అయిపోయింది. తరవాతిది ఇంట్లో అమ్మవారి ప్రతిష్ఠ.

వసుధ ఆగింది. లక్ష్మీకుమారి కాసేపు చూసి, "ఊఁ?" అంది.

"అయిపోయిందత్తా."

"అయిపోడమేటి? కాసమ్మేది?"

"ఈవిడేనత్తా."

"పేరు?"

వసుధ వెనక్కి తిప్పి చూసింది, ముందుకి తిప్పి చూసింది. "పేరు లేదు."

ఆ సాయంత్రం లక్ష్మీకుమారి అన్నం తినలేదు. కడుపులో బాగోలేదంది. శ్యామసుందర్ వచ్చి ఎలా ఉందమ్మా అని అడిగితే, కడుపు గురించి అడుగుతున్నాడనుకున్నట్టు, "అరగలేదు రా" అంది. వారం రోజులైంది. ఇద్దరి మధ్యా పుస్తకం మాట మళ్ళీ రాలేదు, ఇదిగో ఈ పొద్దున్నదాకా.

చీర మార్చుకుని లక్ష్మీకుమారి హాల్లో గోడవార చాప వేసుకుని కూర్చుంది. తడిజుట్టు విరబోసుకునే ఉంది. పక్కన సాయంత్రం సభకి వెళ్ళాల్సిన పుస్తకాల కట్టలు.

శివరామ్ వీధిగదిలోంచి ఫోన్‌లో ఒడియాలో మాట్లాడుతూ వచ్చాడు. "ఆజ్ఞా, ఆజ్ఞా" అని ఎవరికో వినయంగా చెప్పి పెట్టేశాడు. వసుధ మొగుడు, ఇంటికి పెద్దకొడుకు. చింతపండు, మిరపకాయల హోల్‌సేల్ కొట్టు. సభ ఏర్పాట్లన్నీ ఆయనవే, కుర్చీల దగ్గర్నుంచి పూలదండల దాకా.

"ఏటి, ఇంకా బయల్దేరలేదా? పర్లాకిమిడి వోళ్ళు బస్సెక్కీసేరంట. శ్రీకాకుళం నుంచి కారు వొస్తంది." తల్లి జుట్టు చూశాడు. గొళ్ళెం చూశాడు. "ఏటైంది?"

"కాసులు పోయేడు" అంది వసుధ.

శివరామ్‌కి ఎవరని చెప్పాల్సిన పని లేకపోయింది. కుర్చీలో కూర్చున్నాడు. తెలియదనుకున్నాం గానీ ఈయనకీ అంతా తెలుసన్నమాట, అనుకుంది వసుధ.

"ఈరోజే పోవాలా" అన్నాడు చివరికి.

"సచ్చీవోడు నీ పంచాంగం సూస్తాడేటి?" అంది లక్ష్మీకుమారి.

"అది కాదమ్మా. నాను అనడం ఏటంటే..." శివరామ్ గొంతు తగ్గించాడు. కొట్లో బేరం తెగనప్పుడు కూడా అంతే తగ్గిస్తాడు. "మైలన్నది విన్న దగ్గర్నుంచి కదా. దూరాభారం సావు వారం తరవాత తెలిస్తే, తెలిసిన రోజునే కదా తానం సేస్తాం. నీ మనవరాలు వాసవీకుమారి పెళ్ళిలో ఏటి సేసేం? పెళ్ళికొడుకు మేనత్త పోయిందని తెలిసినా అప్పగింతలయ్యేదాకా ఎవులమూ నోరిప్పలేదు. తప్పేటి?"

"అయితే?"

"ఫోను ఎత్తింది వసుధ. విన్నాది నువ్వు. మీ ఇద్దరూ ఇంట్లో ఉండండి. మేం విన్లేదు. సాయంత్రం సభ అయిపోయాక ఇంటికొచ్చి వింటాం. అప్పుడు తానాలు సేద్దాం. నీ మాటా నిలబడతాది, వీడి సభా ఆగదు."

శ్యామసుందర్ మొహం తేటపడింది. "అన్నయ్య చెప్పింది శాస్త్రసమ్మతమే. శ్రవణం నుంచే ఆశౌచం. మాకు శ్రవణం కాలేదు."

వసుధకి నవ్వొచ్చింది. ఎందుకొచ్చిందో తనకే తెలియదు, రాకూడని వేళ. కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎందుకు వదినా నవ్వుతావు?"

"ఏటీ లేదు శ్యాంబాబూ. నీకు పెదనాన్నలెవరూ లేరన్నావు కదా ఇందాక. ఎవరో జాలరి ముసలాయన పోతే వింటే ఏటి, వినకపోతే ఏటి? విననట్టుండాల్సిన అవసరం మనకేటొచ్చింది?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అయింది అన్నదమ్ములిద్దరి పనీ.

లక్ష్మీకుమారి కోడలి వైపు చూసింది. ఆ చూపులో మెప్పు లేదు, అలసట ఉంది.

"ఒరే శ్యాం. ఇటొచ్చి కూసో."

"పట్టుపంచెతో ఉన్నానమ్మా. నువ్వు..."

"మైల్లో ఉన్నాను, అంటుకోవులే. దూరంగానే కూసో."

శ్యామసుందర్ కూర్చోలేదు. స్తంభానికి ఆనుకున్నాడు.

"ఎందుకు రా ఆవిడ పేరు తీసీసినావు?"

"తీసెయ్యడం ఏమిటమ్మా? పెంచాను. ఒక అనామక స్త్రీని జగన్మాతని చేశాను. ఇంతకన్న గౌరవం ఏం కావాలి? చదివినవాళ్ళు ఆ అధ్యాయం దగ్గర చేతులు జోడించారని ఉత్తరాలు రాస్తున్నారు."

"అనామకేటి? కాసమ్మని నీకు సెప్పలేదా నాను?"

"చెప్పావు."

"ఆవిడ జొరం ఒచ్చిన మనిషికి గంజి పోసింది. ముక్కూమొహం ఎరగనోడికి ఎత్తిపోసింది, తుడిసింది. కొడుకుని కని, మొగుడు లేకండా పెంచింది. ఇదంతా సేసినామె నీకు సాల్లేదు. నీళ్ళమీద నిలబడితే గానీ దణ్ణం ఎట్టలేవు." లక్ష్మీకుమారి గొంతు పెరగలేదు. "దేవతని సేసీసేవు రా. దేవతకి కొడుకులుంటారా? మనవలుంటారా? ఆళ్ళు గుమ్మంలోకొచ్చి నిలబడతారా? బాగా తప్పించినావు."

"నేను తప్పించలేదు."

"నాను కాసులికి మాటిచ్చినాను. పుస్తకం వొచ్చిందా మరదలమ్మా అని మొన్న కూడా ఫోన్ల అడిగినాడు. వొచ్చింది బావా అన్నాను. పేరుందా అన్నాడు. ఉంది అన్నాను." ఆవిడ ఆగింది. "సావబోయే మనిషికి అబద్దం సెప్పించినావు నా సేత."

ఇది వసుధకి తెలియదు. అత్త ఎప్పుడు మాట్లాడిందో, ఎవరి ఫోన్‌లో మాట్లాడిందో.

"వదినా, నువ్వు చెప్పు" అన్నాడు శ్యామసుందర్. గొంతులో రోషం ఉంది, రోషం కింద బతిమాలుకోవడమూ ఉంది. "నువ్వు మొత్తం చదివావు. పుస్తకం అంత చెడ్డగా ఉందా?"

బాగుందనేస్తే పోయేది. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో అలా అంటూనే నెట్టుకొచ్చింది వసుధ. సాయంత్రం పట్టుచీర కట్టుకుని మొదటి వరసలో కూర్చోవలసిన మనిషి కూడాను.

"తాతగారు మునిగినప్పుడు నాకు భయమెయ్యలేదు శ్యాంబాబూ. తేలినప్పుడు ఆనందమూ కలగలేదు. కొండను తవ్వి ఎలకను పట్టినట్టుంది. నువ్వు అత్త దగ్గర కూర్చుని వింటున్నప్పుడు ఏడ్చావు చూడు, అదేదీ అందులో లేదు. ఎక్కడికి పోయిందా అని వెతుకుతూ చదివేను."

శ్యామసుందర్ చేతిలో పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పాడు. బొట్టు పెట్టిన కుంకుమ అతని బొటనవేలికి అంటింది.

"ఉండేది" అన్నాడు.

"ఏటి?"

"అందులో ఉండేది. అంతా రాశాను. పేరుతో సహా. గంజీ, జ్వరమూ, కాసులు పెళ్ళిలో తండ్రి వైపు వాళ్ళకోసం పరిచిన చాప చివరిదాకా ఖాళీగా ఉండిపోవడమూ, అన్నీ. నేను రాసినవాటిల్లో అదొక్కటే బాగుండేదేమో." అతను అన్న వైపు తిరిగాడు. "అచ్చుకి వెళ్ళే ముందు ఒక్కరికి చూపించాను. అన్నయ్యనడుగు."

శివరామ్ ఎవరివైపూ చూడలేదు.

వసుధ చూసింది. ఇన్నేళ్ళు కాపరం చేసిన మనిషి. అన్నం దగ్గర ఉప్పు తక్కువైందని చెప్పడానికి కూడా మొహమాటపడే మనిషి.

"మీరు వద్దన్నారా?"

"వసుధా, నువ్వు కొట్లో కూసోవు. సంఘంలో నలుగురి మధ్యా కూసునీది నాను" అన్నాడు శివరామ్. "రేపొద్దున్న ఎవుడో లేచి, మీ ఇంటి గంగమ్మ జాలరి గుడిసెలోదంట గదా, మీ తాత అక్కడ సేపలు తిన్నాడంట గదా అంటే, నాను ఏటి సెప్పాలి? మన అబ్బాయికి సంబంధాలు సూస్తన్నాం. అడిగీవోడు అడక్కండా ఉంటాడా?"

"అడిగితే అవునను" అంది లక్ష్మీకుమారి.

"నీకు తేలికేనమ్మా."

"నాకేటి తేలిక రా? పెళ్ళై వొచ్చిన కాడ్నుంచీ ఈ మూట మోస్తన్నాను. మా అత్త నా నెత్తినెట్టి పోయింది. నాను దింపుకుందామని వీడి దగ్గిరకెల్తే, వీడు పూలెట్టి మళ్ళీ నా నెత్తినే ఎట్టినాడు."

అప్పుడు ఫోన్ మోగింది.

బల్ల మీద పెట్టిన వసుధ ఫోన్. తెర మీద పేరు అందరికీ కనిపిస్తోంది, ఎర్రమ్మ పొడంపేట. అది వసుధ నిరుడు దాచుకున్న నంబరు.

"వీధి వసారాలోకి ఎల్లి మాటాడు" అన్నాడు శివరామ్ గబగబా. "మేం..."

"వినకూడదు కదా" అంది వసుధ.

ఫోన్ చేతిలోకి తీసుకుంది. వీధి వసారా నాలుగడుగుల దూరం. తనే వెళ్ళి, తనే విని, తనే సరేలే ఎర్రమ్మా అనేస్తే, సాయంత్రం సభ జరిగిపోతుంది. శ్యామసుందర్ దీపం వెలిగిస్తాడు. ఆనక అందరూ ఇంటికొచ్చి శుభ్రంగా వింటారు. అప్పటికి కాసుల్ని సాగనంపేసి ఉంటారు.

వసుధ అడుగు వెయ్యలేదు. స్పీకర్ నొక్కి, ఫోన్‌ని మళ్ళీ బల్ల మీదే పెట్టింది, పుస్తకాల కట్ట పక్కన.

"పెద్దింటి అమ్మా, నాను ఎర్రమ్మని." గొంతు హాలంతా నిండింది. వెనకాల అలల హోరు, ఎవరో ఆడవాళ్ళ ఏడుపు. "మా మావ పోనాడని మీ వోళ్ళకి సెప్పినారా అమ్మా?"

శివరామ్ కుర్చీలోంచి సగం లేచాడు. "ఏటి సేస్తన్నావు వసుధా..."

"సెప్తన్నాను ఎర్రమ్మా" అంది వసుధ. "నువ్వు సెప్పు. అందరూ ఇక్కడే ఉన్నారు."

ఎర్రమ్మ గొంతు తగ్గింది. అందరూ ఉన్నారంటే ఎంతమందో, ఎలాంటివాళ్ళో అని జంకినట్టుంది. తరవాత మెల్లిగా మొదలుపెట్టింది.

"ఏటంటే అమ్మా, ఎత్తీడానికి మావోళ్ళు తొందర సేస్తన్నారు. నాను ఆపినాను. మా కాడ అయ్య వొయిపు మనిసి కొత్తబట్ట కప్పితే గానీ ఎత్తరు. ఆడోళ్ళం కప్పితే సెల్లదు. మా మావకి అయ్య వొయిపు ఎవులూ లేరు, మనమే ఏదో కప్పీసి ఎత్తీద్దుమని కులపెద్దలంటన్నారు. లేరు అనొద్దు, ఒక్కపాలి అడిగి సూస్తానన్నాను. ఎవులైనా వొస్తన్నారా అమ్మా? రాపోతే రాపోయేరు, నానేటీ అనుకోను. ఎత్తీమంటే ఎత్తీస్తాం."

లక్ష్మీకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పొద్దున్న మొదటిసారి ఆవిడ భుజాలు కదిలాయి.

శివరామ్ నిలబడే ఉన్నాడు. కళ్ళజోడు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీసి బల్ల మీద పెట్టాడు. జేబులోంచి కొట్టు తాళాలు తీసి దాని పక్కన పెట్టాడు. చొక్కా గుండీలు విప్పుకుంటూ పెరటివైపు వెళ్ళిపోయాడు. కాసేపటికి నూతి గిలక కిర్రుమంది.

"అమ్మా? ఇంటన్నారా? లైను పోనాదా ఏటి?"

వసుధ ఫోన్ దగ్గర్నుంచి పక్కకి జరిగింది. చెప్పాల్సింది తను కాదు. స్తంభం దగ్గర శ్యామసుందర్ అలాగే ఉన్నాడు. అతనికి రెండడుగుల్లో దేవుడి గది తలుపు. గొళ్ళెం తియ్యడానికి ఒకరి సాయం అక్కర్లేదు. లోపలికి వెళ్ళి పుస్తకం పెట్టేసి, తాను మాత్రం ఏమీ విననట్టు గుడికి నడిచినా ఆపేవాళ్ళెవరూ లేరు.

అతను తలుపు వైపు చూశాడు. తరవాత బల్ల దగ్గరికి వచ్చి, చేతిలో పుస్తకాన్ని కట్ట మీద బోర్లా పెట్టి, ఫోన్ మీదకి వంగాడు.

"ఇన్నాం" అన్నాడు.

అతని నోట ఆ మాట ఆ తీరున వసుధ ఎన్నడూ వినలేదు. లక్ష్మీకుమారి కూడా తలెత్తింది.

అవతల ఎర్రమ్మ గొంతు మారింది. మగగొంతు వినేసరికి కాబోలు, కంగారుగా సర్దుకుంది.

"నువ్వెవులు బావూ?" అంది. "ఇక్కడ కులపెద్దలు అడుగుతన్నారు. ఎవులొస్తన్నారని సెప్పమంటావు? మా మావకి ఏటవుతావు?"

శ్యామసుందర్ నోరు తెరిచాడు.

పెరట్లో చేద నీళ్ళు భళ్ళున తల మీద పడ్డ చప్పుడు. ఫోన్‌లో సముద్రం హోరు. లక్ష్మీకుమారి చాప మీద కూర్చుని కొడుకు నోటివైపే చూస్తోంది.